వైరు పెట్టని పెట్టె

4వ తేదీ, సోమవారం

సాయంత్రం పాట మధ్యలో పాత యాంప్లిఫైరు చిటపటమంది. వెనక నుంచి పొగ లేచింది. ఆయన పరుగున వెళ్లి ప్లగ్గు పీకేశారు. ఇల్లంతా కాలిన రబ్బరు వాసన. అది మామగారు కొన్నది. మామగారు పోయాక కూడా ఇన్నాళ్లూ పాడుతూనే ఉంది.

"స్పీకర్లకేం కాలేదు. బతికిపోయాం," అన్నారు ఆయన, వాటిని తడిమి చూసి.

నాకు దిగులు పట్టుకుంది. పగలంతా చొక్కాలకు కాజాలు కుడుతూ పాటలు వింటాను. బాగా తగ్గించి పెట్టుకుంటాను, గోడ అవతల పక్కింటావిడ పసిపాప పడుకుంటుంది కాబట్టి. రేపటి నుంచి ఇల్లు మూగదైపోతుంది.

5వ తేదీ, మంగళవారం

అనుకున్నట్టే అయింది. పాట లేకపోతే సూది కూడా బద్ధకిస్తుంది.

కింద దుకాణంలో దర్జీ అక్క చొక్కాలు తీసుకెళ్లడానికి పైకొచ్చింది. "ఏమే, ఇవాళ మీ ఇంట్లో పాటావిడకి జలుబు చేసిందా?" అంది. పెట్టె కాలిపోయిన సంగతి చెప్పాను.

"అయితే నువ్వు పాడు."

"నేనా!"

"హమ్మయ్య, ఒక మాట బయటికొచ్చింది. నీకు నోరుందని మా ఆయనతో పందెం కాశాను. నువ్వేమో ఎప్పుడూ తలూపి నన్ను ఓడిస్తావు."

నేను తలూపాను. అక్క గుమ్మం పట్టుకుని నవ్వింది.

నలుగురిలో నాకు నోరు పెగలదు, నిజమే. అమ్మ పోయిన ఏడాది ఐదో తరగతిలో బడి మానేశాను. ఆ తరవాత నా మాటతో ఎవరికీ పని పడలేదు. ఆయన బడిలో సైన్సు చెబుతారు. ఆయనతో ఏదైనా అనాలంటే ముందు లోపల ఒకసారి అనుకుని, తప్పులు దిద్దుకుని, అప్పుడు పైకి అంటాను. ఈలోగా ఆయన వేరే సంగతిలోకి వెళ్లిపోతారు. ఇక్కడ రాసుకుంటుంటే ఎవరూ వెళ్లిపోరు.

8వ తేదీ, శుక్రవారం

ఇంట్లో యాంప్లిఫైరు తప్ప మరో మాట లేదు. అన్నీ ఒకే పెట్టెలో ఉండే రకం కొనాలట. విడివిడిగా కొనుక్కునే స్తోమత మనకెక్కడిదన్నారు. రికార్డు ప్లేయరు వైరు నేరుగా తగిలించుకునే వీలు ఉండాలి. వాట్లు ఎక్కువుంటే మంచిదని షాపతను, ఈ గదికి అంత అక్కర్లేదని ఈయన. ఏ రెండు పెట్టెలు చూసినా ఒకదాని లోపం ఇంకోదానిలో ఉండదు, దాని లోపం దీనిలో ఉండదు. అన్నం ముందు పెట్టుకుని కూడా ఫోనులో బొమ్మలు చూస్తున్నారు.

ఆయన స్నేహితుడు ఒకాయన మందుల షాపు నడుపుతారు. ఇంట్లో చాలా ఖరీదైన సెట్టు ఉంది. ఆయనతో ఫోనులో పెద్ద వాదన.

"పెట్టె మారితే పాట మారుతుందా? నీ మొహంలే! అదంతా మనసు చేసే గారడీ. సరిగ్గా తయారుచేసినవైతే అన్నీ ఒకలాగే వినిపిస్తాయి. కనబడకుండా పెడితే నువ్వు కూడా చెప్పలేవు." అవతల ఏమన్నారో, ఈయన చెవులు ఎర్రబడ్డాయి. "సరే, రుజువు చేస్తాను చూడు. ఓడినవాడు ఇంకెప్పుడూ దీని గురించి నోరెత్తకూడదు."

వీళ్లకి పాట వినడం కంటే పాట గురించి పోట్లాడుకోవడం ఎక్కువ ఇష్టమేమో.

11వ తేదీ, సోమవారం

రెండు పెట్టెలు వచ్చాయి! షాపతను తెలిసినవాడు కావడంతో ఇంట్లో పెట్టుకుని వినమని పంపాడు. నచ్చింది ఉంచుకుని రెండోది తిరిగి ఇచ్చేయాలి. ఒకటి నల్లది, ముందు ఒకే ఒక్క పెద్ద గుండ్రటి నాబ్. రెండోది వెండి రంగుది, పొట్టిగా ఉంది.

"ఏది కొనాలో నువ్వే చెప్పు," అన్నారు.

వేళాకోళం అనుకున్నాను. "నాకేం తెలుసండీ?"

"తెలియదు కాబట్టే. పేరు, ఖరీదు, వాట్లు, ఇవేవీ నీ బుర్రలో లేవు. ఉన్నవి చెవులు మాత్రమే. పైగా రోజంతా వినేది నువ్వే కదా."

రెండింటినీ కింది అరలో పక్కపక్కన పెట్టి, పైనుంచి మేజా గుడ్డ వేలాడదీశారు. ఏది పాడుతుందో నాకు కనబడకూడదట. ఆయన గుడ్డ వెనక చేతులు పెట్టి వైర్లు మారుస్తారు. నేను కుర్చీలో కూర్చుని విని చెప్పాలి. స్టూలు మీద ఫోను పెట్టారు. శబ్దం రోజూ ఒకే స్థాయిలో ఉండేలా కొలవడానికట. పెద్దగా వినిపించేదే బాగున్నట్టు అనిపిస్తుందట, అందుకని. పగలు వాటిని ముట్టుకోవద్దన్నారు.

ఏది కొనాలో నువ్వే చెప్పు. ఈ మాట రాసుకుని మళ్లీ చూసుకుంటున్నాను.

12వ తేదీ, మంగళవారం

నాకు ఇష్టమైన రికార్డే పెట్టారు. అయ్యాక ఆయన ఎదురుగా నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. నేను మాటల కోసం వెతుక్కుంటున్నాను. 

"తొందరేం లేదు. నువ్వు చెప్పేదాకా నేను కదలను," అన్నారు.

నిజంగానే కదల్లేదు.

"అందరూ ఒకేసారి మాట్లాడుతున్నట్టుందండీ. ఆవిడ పాడుతోంది. కానీ వెనక వాయించేవాళ్లు ఆవిడ కొంగు పట్టుకుని లాగుతున్నారు," అన్నాను.

"బాగుంది, చాలా బాగుంది. ఇంకా?"

ఇంకా అని అడిగారు.

13వ తేదీ, బుధవారం. వాన

పొద్దుటి నుంచి ముసురు. ఉతికిన దుప్పట్లు ఆరే దారి లేక ముందుగదిలో తాడు కట్టి ఆరేశాను. ఆయన వచ్చి వాటి కిందనుంచి వంగి నడుస్తూ, "ఇదేం గుడారమే," అన్నారు కానీ తియ్యమనలేదు. అదే రికార్డు పెట్టారు.

"నిన్నటిదా, వేరేదా?"

ఈసారి వెతుక్కోవలసిన పని లేకపోయింది. "వేరేది."

"కరెక్ట్!" అని చప్పట్లు కొట్టారు. "ఎలా ఉంది?"

ఎవరికీ ఎప్పుడూ చెప్పనిది చెప్పేశాను. నేను చిన్నప్పుడు పడుకున్నాక అమ్మ పక్కగదిలోంచి "నిద్రపోయావా అమ్మా" అని అడిగేది. లేపడానికి కాదు, మెలకువగా ఉంటే వచ్చి పక్కన కూర్చోవడానికి. వినబడీ వినబడనట్టు అడిగేది. ఇవాళ ఆవిడ గొంతు అలా వచ్చిందని చెప్పాను. 

ఆయన స్టూలు మీద ఫోను కొంచెం ఇటు జరిపారు.

14వ తేదీ, గురువారం. వాన

ఇవాళ కూడా అమ్మ పెట్టే. "కరెక్ట్" అన్నారు. నన్ను జడ్జిగారూ అని పిలుస్తున్నారు. "జడ్జిగారూ, టీ ఏమైనా దొరుకుతుందా?" అంటూ వంటగదిలోకి వచ్చారు. మధ్యాహ్నం దర్జీ అక్కకి ఈ ముచ్చటంతా నేనే చెప్పాను, అక్క అడగకుండానే. అక్క నోరు తెరుచుకుని విని, "పెట్టె కొంటున్నాడా, పెట్టెకి పిల్లనిస్తున్నాడా, ఇన్ని ఆరాలు తీస్తున్నాడు!" అంది. తరవాత నా గడ్డం పట్టుకుని, "ఏమైతేనేం, నీకు నోరొచ్చింది," అంది.

15వ తేదీ, శుక్రవారం

ఎండ కాసింది. దుప్పట్లు మడిచేశాను. ఇల్లు దులుపుతుంటే మేజా గుడ్డ మీద బూజు రాలింది. గుడ్డ ఎత్తి దులిపాను. పెట్టెల్ని ముట్టుకోలేదు.

వెండి రంగు దాని ముందు భాగం మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించింది అంటించినట్టే ఉంది. కరెంటు వైరు సంచిలో ఉంది, మెలితిప్పి కట్టిన కట్టుతో సహా. వెనక స్పీకరు వైర్లు పెట్టేచోట ఎర్ర మూతలూ నల్ల మూతలూ బిగించి ఉన్నాయి. నల్లదానికి ఆ మూతలు లేవు. పక్కన చిన్న గిన్నెలో వేసి పెట్టారు.

రోజూ వాడాక మళ్లీ ఎలా ఉన్నది అలా సర్దేస్తున్నారు కాబోలు. తిరిగి ఇచ్చేటప్పుడు షాపతను కొత్తదానిలా ఉండాలంటాడు కదా. కట్టు కూడా మళ్లీ కట్టి ఉంటారు. ఆయన జాగ్రత్త మనిషి.

16వ తేదీ, శనివారం

సాయంత్రం మళ్లీ కూర్చోబెట్టారు. నేను పాట కంటే ముందు ఆయన చేతుల చప్పుడు విన్నాను. గుడ్డ వెనక అర చెక్కని గోళ్లతో గీకుతున్నట్టు వినిపించింది. మూతలు తిప్పితే అలాగే వస్తుందేమో, నాకేం తెలుసు. "నిన్నటిదా, వేరేదా?" అన్నారు. వేరేది అన్నాను, అనాలనే అన్నాను.

"కరెక్ట్."

ఆయన జాగ్రత్త మనిషి.

17వ తేదీ, ఆదివారం

ఇవాళ ఏమీ రాయను.

18వ తేదీ, సోమవారం

రాయకపోతే లోపలే తిరుగుతోంది.

నిన్న సాయంత్రం మందుల షాపాయన వచ్చారు, ఆయనతో పాటు ఈయన బడిలోనే పనిచేసే డ్రిల్లు మాస్టారు. నేను వంటగదిలో టీ పెడుతున్నాను. ముందుగదిలో మొదట మగవాళ్ల మాటలు, కుర్చీలు జరిపిన చప్పుడు. తరవాత ఎవరో ఆడమనిషి మాట్లాడటం వినిపించింది. డ్రిల్లు మాస్టారి భార్య కూడా వచ్చిందనుకున్నాను. గొంతు కొంచెం బొంగురుగా ఉంది, ప్రతి మాటకీ ముందు ఆగుతోంది. పాపం నాలాగే బెరుకు మనిషి, నాకు తోడు దొరికింది అనుకున్నాను. ఇంకో కప్పు తీసి ఆవిడకి కూడా టీ పోశాను. ఆవిడకి పంచదార సరిపోతుందో లేదో అని ఒక చెంచా విడిగా పెట్టుకున్నాను.

పళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. గదిలో ఆడమనిషి లేదు.

గొంతు స్పీకర్లలోంచి వస్తోంది. మామగారి పెద్ద స్పీకర్లు. గది నిండా ఆ గొంతే. "లేపడానికి కాదండీ, మెలకువగా ఉంటే వచ్చి పక్కన కూర్చోవడానికి," అంటోంది.

నా గొంతు బయటినుంచి ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు.

డ్రిల్లు మాస్టారు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. "నిద్రపోయావా అమ్మా!" అని సన్నగా గొంతు పెట్టి అని మళ్లీ నవ్వారు. ఈయన అటు తిరిగి నిలబడి, మేజా గుడ్డ లాగేసి, మందుల షాపాయనకి చూపిస్తున్నారు. "చూడరా బాబూ, కళ్లారా చూడు. వెండి పెట్టెకి కట్టు కూడా విప్పలేదు. వారమంతా పాడింది ఒక్క నల్లదే! అదే పెట్టె, అదే రికార్డు, అదే శబ్దం. అయినా ఒకరోజు కొంగు పట్టుకుని లాగుతున్నారంది, మర్నాడు అమ్మ పిలిచిందంది. ఇదే నేను మొదటినుంచీ చెప్పేది. ఇంక నోరెత్తకు!"

మందుల షాపాయన నన్ను చూసి లేచి నిలబడ్డారు. "ఆపరా," అన్నారు.

ఈయన తిరిగి చూశారు. ఒక్క క్షణం మొహంలో నవ్వు ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోయింది. "నువ్వా, టీ తెచ్చావా, పెట్టు పెట్టు," అన్నారు. పాట ఆపినట్టే నా గొంతు ఆపేశారు.

డ్రిల్లు మాస్టారు కప్పు అందుకుంటూ, "నాలుగోది ఎవరికి చెల్లెమ్మా?" అన్నారు.

నేను ఆ కప్పు తీసుకుని వంటగదిలోకి వెళ్లి తొట్టిలో పారబోశాను.

19వ తేదీ, మంగళవారం

పొద్దున ఆయనే మొదలుపెట్టారు.

"ఇంకా మొహం అలాగే పెట్టుకున్నావా? నిన్ను చూసి కాదే నవ్వింది. మనిషి చెవుల్ని చూసి. నీ బదులు ఎవర్ని కూర్చోబెట్టినా అంతే. అది సైన్సు."

నేను పళ్లెం కడుగుతున్నాను.

"నీ పేరు కూడా చెప్పలేదు వాళ్లకి."

మన ఇంట్లో మాట్లాడే ఆడమనిషి ఇంకెవరుంటారు?

"మీరు కరెక్ట్ అన్నారు కదండీ," అన్నాను. అదొక్కటే వచ్చింది.

"అనకపోతే నువ్వు మళ్లీ చెప్పవు కదా!" అన్నారు. ఎంత మామూలుగా అన్నారో. పాఠం చెబుతున్నట్టు అన్నారు.

అమ్మ మాట ఎందుకు వినిపించారని అడగాలనుకున్నాను. ఆ మాట లోపల అనుకుని, తప్పులు దిద్దుకునేలోగా, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్లిపోయారు. ఆ గుండీలు నేను కుట్టినవే.

20వ తేదీ, బుధవారం

దర్జీ అక్క ఆరు మెట్లు కిందనుంచే అరుస్తూ వచ్చింది. "ఏమే, నీకేమైనా పూనిందా? మగపిల్లల చొక్కాలకి ఆడపిల్లల పక్క కాజాలు కుట్టావు! కట్టంతా తప్పే! బడివాళ్లు నా తల తీసి గుమ్మానికి కడతారు."

చూశాను. నిజమే. అన్నీ కుడివైపున ఉన్నాయి. కుట్టు మాత్రం చక్కగా ఉంది.

"విప్పి మళ్లీ కుడతానక్కా."

"కత్తిరించిన బట్ట విప్పితే అతుక్కుంటుందా తల్లీ?" అంది. తరవాత నా మొహం చూసి కింద కూర్చుంది. "ఏమైంది?"

తలూపాను, ఏమీ లేదన్నట్టు.

"పోయిన వారం వచ్చిన నోరు ఎటు పోయిందే?" అంది. నవ్వలేదు ఈసారి. చొక్కాలు మూట కట్టుకుని వెళ్లింది.

21వ తేదీ, గురువారం. వాన

ముట్టుకోవద్దన్న పెట్టె ముట్టుకున్నాను. నల్లదాన్ని పెట్టి అదే రికార్డు వేశాను. ఆయన పెట్టుకునేంత గట్టిగా, ఆయన కూర్చోబెట్టిన కుర్చీలోనే కూర్చుని విన్నాను. వెనకవాళ్లు ఆవిడ కొంగు పట్టుకుని లాగుతున్నారు. మంగళవారం లాగే.

ఇంకా ఆరని దుప్పట్లు లోపలికి తెచ్చి, తాడు కట్టి, ఆ రోజులాగే ఆరేశాను. మళ్లీ కూర్చున్నాను.

అమ్మ పక్కగదిలోకి వచ్చింది.

నేను పిచ్చిదాన్ని కాను. నేను అబద్ధం చెప్పలేదు. పెట్టె మారలేదు, గది మారింది. తడి దుప్పట్లు గోల పీల్చేసుకున్నాయి. ఆయన వాటి కిందనుంచి రోజూ వంగి నడిచారు. పెట్టె వెనక మూతల సంగతి చూసుకున్నారు, శబ్దం కొలిచారు, నా మాటలు ఫోనులో పట్టుకున్నారు. నెత్తికి తగులుతున్న దుప్పట్లు మాత్రం చూడలేదు.

సాయంత్రం చెబుదామనుకున్నాను. ఆయన వచ్చి, "మళ్లీ గుడారమా?" అన్నారు. అవునన్నాను. అంతే.

22వ తేదీ, శుక్రవారం

పక్కింటి పాప పడుకుంది. నల్లదాన్ని బాగా తగ్గించి పెట్టాను, నాకు అలవాటైనట్టు. ఎప్పుడూ రెండు స్పీకర్ల మధ్య నిలబడి పాడే ఆవిడ, ఎడమ పక్కకి వెళ్లిపోయి పాడుతోంది. కుడి స్పీకరు దగ్గర చెవి పెట్టి చూశాను, సగం చప్పుడే ఉంది. నాబ్ పెంచితే మళ్లీ మధ్యకి వస్తుంది. తగ్గిస్తే ఎడమకి.

ఆయన తగ్గించి ఎప్పుడూ వినరు. అందుకే తెలియదు.

23వ తేదీ, శనివారం

ఆయనకి కూడా మనసులో ఎక్కడో గుచ్చుకుంటున్నట్టుంది. బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, నేరుగా అర దగ్గర కూర్చున్నారు. వెండిదాని కట్టు నా ఎదురుగానే విప్పారు. ప్లాస్టిక్ కాగితం లాగేశారు. మూతలు తీసి నా అరచేతిలో పోశారు.

"ఇదిగో, ఈసారి గుడ్డ లేదు, ఫోను కూడా లేదు." ఫోను తీసుకెళ్లి పక్కగదిలో పెట్టి వచ్చారు. "నిజంగా అడుగుతున్నాను. ఏది ఉంచుకుందాం?"

ముందు వెండిది పాడింది, తరవాత నల్లది. ఆయన పెట్టెల పక్కనే నేల మీద కూర్చుని నా మొహమే చూస్తున్నారు. గట్టిగా ఉన్నప్పుడు రెంటికీ పెద్ద తేడా లేదు. ఆ మాట వరకు ఆయన చెప్పింది నిజమే.

"కొంచెం తగ్గించండి," అన్నాను.

తగ్గించారు. నల్లదానిలో ఆవిడ ఎడమకి జరిగిపోయింది. వెండిదానికి మార్చారు. ఎంత తగ్గించినా ఆవిడ మధ్యలోనే, నిటారుగా, ఒక్క మాట కూడా జారిపోకుండా పాడింది. ఆ పెట్టె నాకోసమే చేసినట్టుంది. పసిపాప పడుకున్నా, కిటికీ పక్కన సూదిలో దారం ఎక్కిస్తున్నా, ఆవిడ నా ఎదురుగా కూర్చుని పాడినట్టే ఉంటుంది.

చెప్పడానికి మాటలు కూడా దొరికాయి. లోపల అనుకున్నాను. తప్పులేమీ లేవు, దిద్దుకోవలసిన పని కూడా లేదు.

"ఎలా ఉంది? చెప్పు. తొందరేం లేదు. నువ్వు చెప్పేదాకా కదలను," అన్నారు. అవే మాటలు.

"రెండూ ఒకటేనండీ," అన్నాను.

ఆయన మొహం విచ్చుకుంది. "చూశావా మరి! నేనన్నది అదే కదా!" అని లేచి నా భుజం తట్టారు. నేను తన మాటే ఒప్పుకున్నందుకు సంతోషించినట్టున్నారు. ఆయన మీద నాకున్న కోపం పోయిందని కూడా అనుకున్నారు.

25వ తేదీ, సోమవారం

వెండి పెట్టె వెళ్లిపోయింది. అట్టపెట్టెలో సర్దుతూ, "మూతలేవి?" అన్నారు. డబ్బాలోంచి తీసి ఇచ్చాను. ఒక్కొక్కటే బిగించారు. ఈసారి చప్పుడు విన్నాను. గోళ్లతో గీకినట్టు ఉండదు. అసలు చప్పుడే రాదు.

2వ తేదీ, సోమవారం

దర్జీ అక్క తప్పుకుట్టిన చొక్కాలు వేరే ఎవరికో అమ్మేసిందట. "పిల్లలకి ఏ పక్కనుంటే ఏం, చలి ఆగితే చాలు," అంది. నాకు మళ్లీ పని ఇచ్చింది. కుడుతున్నాను.

ఆయన వచ్చి రోజూ బడి కబుర్లు చెబుతున్నారు. వింటున్నాను. "నువ్వేమంటావు?" అని అడగడం నేర్చుకున్నారు, అప్పుడప్పుడు. "మీ ఇష్టమండీ," అంటున్నాను. అది కరెక్టో కాదో ఆయన చెప్పనక్కర్లేదు.

9వ తేదీ, సోమవారం

ఆయనకి జలుబు, తలనొప్పి. బడి మానేశారు. ముందుగదిలో చాప వేసుకుని, కళ్ల మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నారు. "కొంచెం పాట పెట్టు, బాగా తగ్గించి," అన్నారు. పెట్టి, నా కుర్చీలో కూర్చుని కుట్టుకుంటున్నాను.

కాసేపటికి గుడ్డ తీసి తల ఎత్తారు. అటు తిప్పి విన్నారు, ఇటు తిప్పి విన్నారు.

"ఏంటిది, పాటంతా ఎడమ పక్కనుంచే వస్తోంది? కుడిది సరిగ్గా పలకడం లేదేంటి?" లేచి వైర్లు కదిపారు. నాబ్ పెంచారు, తగ్గించారు. మళ్లీ పెంచారు. తగ్గించారు. మొహం వాడిపోయింది. "తగ్గిస్తే పక్కకి పోతోంది. మొదటినుంచీ ఇలాగే ఉందా? నువ్వు రోజంతా తగ్గించి వింటావు కదా, నీకెప్పుడూ అనిపించలేదా?"

నిజంగా అడుగుతున్నారు. ఆ గొంతు గుర్తుపట్టగలను. ఇప్పుడు ఫోను లేదు, గుడ్డ లేదు, గదిలో ఎవరూ లేరు. ఆయన నా మొహంకేసి చూస్తూ ఆగారు. 

"నాకేం తెలుస్తుందండీ," అన్నాను.

ఆయన స్పీకర్ల వైపు చూశారు, పెట్టె వైపు చూశారు. తరవాత నా వైపు. నా కుర్చీ ఎప్పుడూ ఉండే చోట లేదని ఆయన ఇప్పటికీ చూడలేదు. వెండి పెట్టె వెళ్లిపోయిన రోజే దాన్ని కుడి స్పీకరు దగ్గరికి జరుపుకున్నాను. ఇక్కడ కూర్చుంటే ఆవిడ సరిగ్గా మధ్యలో ఉంటుంది.

ఆయన మళ్లీ పడుకుని కళ్ల మీద గుడ్డ వేసుకున్నారు. నేను సూదిలో దారం ఎక్కించుకున్నాను.